శ్రీపాద పర్వతము

సింహళద్వీపమున రత్నపుర మండలమునకును నువర ఎలియ మండలమునకును పొలిమేరయైన తావున, కోసుగా దిద్దిన ఆకారముతో మింటికెగసిన 2,243 మీటర్ల శిఖరమునకు శ్రీపాదమని పేరు. శిఖరాగ్రమునందలి శిలపై మానవపాదమును పోలిన పెద్ద గుంట యొకటి కలదు. అది బుద్ధభగవానుని పాదముద్రయని బౌద్ధులును, పరమశివుని పాదముద్రయని శైవులును, స్వర్గభ్రష్టుడైన ఆదిమానవుడు ఆదము నిలిచిన చోటని ముస్లిములును, తోమా అపొస్తలుని అడుగుజాడయని క్రైస్తవులలో కొందరును విశ్వసించి, వేయి సంవత్సరములకు పైబడి ఈ కొండనెక్కుచు వచ్చినారు. ఒకే దైవమును ఒకే మతమువారు కొలుచు గిరిక్షేత్రములు లోకమున కొల్లలుగా నున్నవి. ఒకే చిహ్నమును నలుగురు నాలుగు తీరుల నమ్మి, ఒకే త్రోవన, ఒకే రాత్రి, ఒకరి చేయూత నొకరందుకొని ఎక్కు క్షేత్రము మిక్కిలి అరుదు. ఈ పర్వతచరిత్రను పరిశీలించిన కొలదియు ఒక విషయము స్పష్టమగును: రాజులును ప్రజలును తరతరములుగా ఈ సన్నిధికి సమర్పించిన కానుకలలో తలమానికమైనది, యాత్రికుడు నడచు మార్గమే.

స్థితి, స్వరూపము

కొలంబో నగరమునకు తూర్పుగా, గగనమార్గమున సుమారు 70 కిలోమీటర్ల దూరమున, ద్వీపమధ్యమునందలి ఉన్నతభూముల నైరృతి అంచున ఈ శిఖరము నిలిచియున్నది. లంకలోకెల్ల ఎత్తైన కొండ పిదురుతలాగల. దాని ఎత్తు 2,524 మీటర్లు. అయినను అది తోడి పర్వతముల నడుమ మరుగుపడియుండగా, శ్రీపాదము పడమటి సముద్రమునకు అభిముఖముగా ఒంటరిగా లేచియుండుటచే, పూర్వము ఓడలలో వచ్చు వర్తకులకు దూరమునుండియే కంటబడు ఆనవాలు ఇదియే అయ్యెను. అరబ్బులును ఐరోపావారును ఈ ద్వీపమును గూర్చి వ్రాసినపుడెల్ల ఈ కొండ ప్రసక్తి తెచ్చుటకు ఇదియొక హేతువు.

ఈ ఉన్నతభూములు కేంబ్రియను యుగమునకు పూర్వమునాటి రూపాంతరశిలలచే ఏర్పడినవి. వానిలో ఖొండలైటు, చార్నొకైటు అనునవి ముఖ్యములు. మన తూర్పుకనుమలలో, విశాఖపట్టణ పరిసరములందలి కొండలలో విస్తారముగా కానవచ్చు శిలయు ఈ ఖొండలైటే. ఆ కనుమలలో వసించు ఖోండు జాతివారి పేర శాస్త్రజ్ఞులు దానికా నామమొసగిరి. గోండ్వానా మహాఖండము విచ్ఛిన్నము కాకమునుపు భారతభూమియు లంకయు ఒకే నేలగా నుండెననుటకు ఇట్టి శిలాసామ్యము ఒక నిదర్శనము.

ఈ పర్వతపంక్తినుండి కెలణి గంగ, కళు గంగ అను నదులు పుట్టి, మొదటిది కొలంబో చెంతను, రెండవది రత్నపురము మీదుగా ప్రవహించి కళుతర చెంతను సముద్రమున కలియుచున్నవి. రత్నపుర ప్రాంతమున నదులు పరచిన ప్రాచీనమైన గులకమట్టిలో నీలములు, కెంపులు, కనకపుష్యరాగములు దొరకును. ఏదెను వనమును కోల్పోయిన ఆదిదంపతులు కార్చిన కన్నీరే ఈ రత్నములైనదని జనశ్రుతి. నైరృతి ఋతుపవనము వీచునపుడు ఈ పడమటి సానువులు మేఘములను నేరుగా ఎదుర్కొనుటచే, పరిసరములందలి కొన్ని తావులలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. యాత్రాకాలమును నిర్ణయించినది ఈ వర్షమే.

నామములు, ఐతిహ్యములు

పాళీ గ్రంథములలో ఈ పర్వతము సుమనకూటమనియు, సమంతకూటమనియు వ్యవహృతమైనది. సింహళులు శ్రీపాదయనియు సమనల కందయనియు, తమిళులు శివనొళిపాదమలై యనియు పిలుతురు. పోర్చుగీసువారు ముస్లిముల ఐతిహ్యము ననుసరించి ఆదము శిఖరమనిరి. ఐరోపా భాషలలో ఆ పేరే స్థిరపడినది.

లంకాచరిత్రను తెలుపు పాళీగ్రంథమైన మహావంశమునుబట్టి బుద్ధుడు లంకకు ముమ్మారు విచ్చేసెను. బోధినందిన ఎనిమిదవయేట, మణిఅక్ఖికుడను నాగరాజు ప్రార్థనమున కల్యాణీపురమునకు, అనగా నేటి కెలణియకు, వైశాఖ పూర్ణిమనాడు వచ్చి, ఆతిథ్యమును స్వీకరించి, పిదప సుమనకూటముపై పాదచిహ్నమును నిలిపెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. బౌద్ధులు లంకయందు పరమపవిత్రములుగా నెంచు 16 స్థానములలో ఇది యొకటి. ఈ గిరికి అధిదేవత సమన్ దేవుడు. బుద్ధుని తొలిరాకనాడే ఉపదేశమంది, ఆయన కేశధాతువును పడసిన మహాసుమనుడు ఇతడేయని బౌద్ధుల నమ్మిక. చిత్రములలో ఇతనిని శ్రీపాద శిఖరము వెనుకనుండగా, తెల్లయేనుగుతో కూర్చి చూపుదురు. రత్నపురమునందలి మహా సమన్ దేవాలయము ఇతని ప్రధానక్షేత్రము. 13వ శతాబ్దియందు వేదేహ స్థవిరుడు పాళీభాషలో రచించిన సమంతకూటవర్ణన మను కావ్యమునకు ఈ పర్వతమే ఆలంబనము.

ఆదము స్వర్గమునుండి త్రోయబడి ఈ శిఖరముపై పడి, చేసిన పాపమునకు పరిహారముగా ఒంటికాలిపై చిరకాలము నిలిచెననియు, అందుచే శిలపై ఒక పాదపు గుర్తే మిగిలెననియు ముస్లిముల ఐతిహ్యము. క్రీ. శ. 851 నాటి అరబ్బు వర్తకుల వృత్తాంతమునందే ఈ పర్వతము రహూను అను పేరుతో పేర్కొనబడినది. ఆదము ఒక అడుగు ఈ కొండపైనను, రెండవది సముద్రమునందును మోపెనని అందు కలదు.

చరిత్ర

చీనా భిక్షువు ఫాహియాను 5వ శతాబ్ది ఆరంభమున లంకలో రెండు సంవత్సరములుండి, బుద్ధుడు ఒక పాదమును రాజధానికి ఉత్తరమునను మరియొకదానిని పర్వతశిఖరమునను మోపెననియు, ఆ రెంటికి నడుమ 15 యోజనముల దూరమనియు వ్రాసెను. కాబట్టి ఆనాటికే ఈ గిరి పాదక్షేత్రముగా ఖ్యాతి వహించియుండెను.

పర్వతమునకు రాజపోషణ విస్పష్టముగా కానవచ్చునది ప్రథమ విజయబాహుని కాలమునుండి (1055–1110). చోళులను లంకనుండి పారద్రోలి పొలొన్నరువలో రాజ్యమును పునఃస్థాపించిన ఈ రాజు, పాదదర్శనమునకై దుర్గమమార్గమున పోవు జనుల ఇక్కట్లను విని, వారికి అన్నము పెట్టుటకు గిలిమలయ గ్రామమును దానముచేసెను. వేర్వేరు సీమలనుండి వచ్చు బాటలవెంబడి విశ్రాంతిగృహములను నెలకొల్పి, వాని పోషణకు ఊళ్లనొసగి, రాబోవు రాజులెవ్వరును ఆ దానములను హరింపకుండునట్లు శిలాస్తంభములు నాటించెనని మహావంశము చెప్పుచున్నది. అంబగమువ వద్దనున్న ఆయన శిలాశాసనము ఈ దానములను ధ్రువపరచుచు, ఇంకొక విశేషమును తెలుపుచున్నది. శిఖరముపై పాదవేదికకు దిగువను మరియొక వేదికను కట్టించి, తక్కువ కులములవారని ఆనాడెంచినవారు అచ్చటనుండి పాదమును కొలుచుటకు రాజు ఏర్పాటు చేసెను. కులభేదమును ఆ శాసనము తొలగింపలేదు, సరిగదా రాతిలో చెక్కినది. అయినను కొండనెక్కు హక్కు అందరిదని అంగీకరించినది. ఆనాటి సంఘముయొక్క పరిమితియు, ఈ క్షేత్రముయొక్క విశాలతయు ఆ ఒక్క శాసనమునందే జంటగా కనుపట్టుచున్నవి.

నిశ్శంకమల్లుడు (1187–1196) ఈ శిఖరమును దర్శించి, పాదవేదికకు దిగువనున్న భగవా గుహలో తన యాత్రను తెలుపు శాసనమును వ్రాయించెను. 13వ శతాబ్దియందు ద్వితీయ పరాక్రమబాహుని మంత్రి దేవప్రతిరాజు, ప్రభువు ఆజ్ఞపై అడవులను నరికించి బాటలు వేయించి, వాగులపై వంతెనలు కట్టించి, దారిపొడవున విడిదులు నిర్మించెను. శిఖరముపై స్వర్ణగోపురమును నిలుపగల ధనము గలవారే వంతెనలను, విడిదులను ఎన్నుకొనిరి. కొండయే కోవెలయైన చోట యాత్రికుని సేవయే అర్చనమని వారు గ్రహించిరి.

16వ శతాబ్ది తుది భాగమున సీతావక ప్రభువు ప్రథమ రాజసింహుడు (1581–1593) శైవమతమును స్వీకరించి, క్షేత్రాధికారమును దాని రాబడితోగూడ ఆండీలను శైవసన్న్యాసుల కిచ్చివేసెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా పాదపూజ వారి చేతులలోనుండి, 18వ శతాబ్దియందు కండి ప్రభువు కీర్తిశ్రీ రాజసింహుని (1747–1782) మూలమున మరల బౌద్ధసంఘమునకు సంక్రమించినది. ఆ రాజు కుట్టాపిటియ గ్రామమునుగూడ శ్రీపాదమునకు సమర్పించి, వెలివిట శరణంకర సంఘరాజు శిష్యపరంపరకు క్షేత్రరక్షణము నప్పగించెను. అయినను శైవయాత్రికుల రాక నిలువలేదు. శైవసన్న్యాసుల జ్ఞాపకము రత్నపుర మార్గమున ఆండియమలతెన్న అను స్థలనామమునందు నేటికిని నిలిచియున్నది.

విదేశీయుల వ్రాతలు

13వ శతాబ్ది చివర మార్కో పోలో ఈ నిట్రపు కొండకు గొలుసులు వ్రేలాడగట్టిరనియు, వానిని పట్టుకొనియే జనులు ఎక్కుదురనియు, శిఖరముపైనున్నది ఆదము సమాధియని ముస్లిములును, శాక్యముని స్మారకమని బౌద్ధులును చెప్పుకొందురనియు వ్రాసెను. కుబ్లయ్ ఖాను దూతలనంపి ఇచ్చటనుండి దంతములను, కేశములను, భిక్షాపాత్రను తెప్పించుకొనెనని అతని కథనము.

స్వయముగా యాత్రచేసి, అనుభవించి వ్రాసినవాడు ఇబ్ను బతూతా. 1344లో మాల్దీవులనుండి వచ్చి పుత్తళము రేవున దిగిన ఈ మొరాకో యాత్రికుడు, ఉత్తర లంకనేలు ఆర్యచక్రవర్తి తన్నేమి కోరుదువని అడుగగా, ఆదము పాదదర్శనము తప్ప వేరు కోరికలేదని చెప్పెను. రాజు పల్లకితోపాటు, ఏటేట ఈ యాత్రచేయు వాడుకగల నలుగురు యోగులను, ముగ్గురు బ్రాహ్మణులను, తన కొలువువారిని, సామానుమోయు బోయలను తోడిచ్చి పంపెను. ముస్లిము యాత్రికునకు హిందూరాజు యోగులను దారిచూపరులుగా నొసగిన ఈ ఘట్టము ఈ పర్వతముయొక్క స్వభావమును చక్కగా తెలుపుచున్నది. దారిలో చెట్లమీదనుండి, గడ్డిలోనుండి ఎగిరిపడు జలగలను గూర్చి ఇబ్ను బతూతా సవిస్తరముగా వ్రాసెను: అచ్చటివారు నిమ్మకాయలను సిద్ధముగా నుంచుకొని, జలగపై పిండి, అది జారిపడగానే కరచిన చోటును కొయ్యకత్తితో గీకుదురట. శిఖరమునకు బాబా మార్గము, మామా మార్గము అని ఆదము పేరను హవ్వ పేరను రెండు బాటలుండెననియు, మొదటిది కష్టతరమనియు, రెండవదానిని యాత్రికులు తిరుగుదారిగా వాడుదురనియు, మొదటిదానిమీద పది గొలుసులుండెననియు ఆయన చెప్పెను. పదియవ గొలుసుకడ క్రిందికి చూచినవాడు పడిపోదునన్న భయమున ఇస్లాము విశ్వాసవచనమైన కలిమాను పఠించును గనుక దానికి కలిమా గొలుసని పేరు వచ్చెనట.

ఆంగ్లేయులు 1815లో కండి రాజ్యము నాక్రమించిన పిమ్మట 1817లో జాన్ డేవీ అను వైద్యుడు శిఖరమెక్కి, తాను చూచినదానిని 1821లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. పాదమునకు పూజ ముగిసిన వెంటనే యాత్రికబృందములో భార్య భర్తకును, పిల్లలు తల్లిదండ్రులకును, పిన్నలు పెద్దలకును నమస్కరించి, తుదకు అందరును ఒకరికొకరు తమలపాకు లిచ్చిపుచ్చుకొనుట ఆయన చూచెను. బంధుత్వమును గట్టిపరచి, చెలిమిని నిలిపి, మనస్పర్థలను తుడిచివైచుటకే ఈ ఆచారమని ఆయన గ్రహించెను.

యాత్రాకాలము, ఆచారములు

సింహళ పంచాంగములోని ఉందువప్ పున్నమి, అనగా ఇంచుమించు మన మార్గశిర పూర్ణిమ, మొదలుకొని వైశాఖ పూర్ణిమవరకు యాత్రాకాలము. డిసెంబరునుండి మే నెలవరకు ఆకాశము నిర్మలముగానుండి బాట పొడిగానుండును. కాలారంభమున సమన్ దేవుని విగ్రహమును పూజాద్రవ్యములను పెల్మదుల్ల సమీపమునందలి గల్పొత్తావల రాజమహావిహారమునుండి ఊరేగింపుగా తెచ్చి శిఖరముపై నుంచుదురు. వైశాఖ పున్నమి గడచిన తరువాత అట్లే మరల కొనిపోవుదురు. తక్కిన మాసములలో ఎక్కరాదను నిషేధము లేదుగాని, గాలివానలును మంచును జలగలును బాధించును, దీపములుండవు, అంగళ్లు మూసియుండును.

యాత్రకు బయలుదేరుటకు ముందు నాణెమొకటి శుభ్రమైన తెల్లగుడ్డలో మూటగట్టి సమన్ దేవునికి మ్రొక్కుకొందురు; మన పల్లెలలో వేంకటేశ్వరునికి ముడుపు కట్టు వాడుకవంటిదే ఇది. ఊరివారో బంధువులో గుంపుగా కూడి పోవుట సంప్రదాయము. పలుమార్లు కొండనెక్కిన పెద్ద యొకరు ఆ గుంపునకు నాయకత్వము వహించును. ఆయనను నడెగురా యందురు. మొదటిసారి వచ్చువారు కోడుకారయలు. వీరు తెల్లని వస్త్రములు ధరించి, పెద్దలు చెప్పిన నియమములను తప్పక పాటింతురు. ఎక్కువారును దిగువారును ఎదురుపడినపుడు కరుణావై యని పలుకరించుకొందురు. కాళ్లు పీకుచు ఆగిపోయినవానికి, దిగివచ్చు అపరిచితుని నోట వెలువడు ఆ పలుకు చేతికఱ్ఱకన్న మిన్నయైన ఊత. వృద్ధురాలైన తల్లిని కుమారుడు చేయిపట్టి మెట్టుమెట్టునకు ఆగుచు ఎక్కించుట, చంటిబిడ్డలను భుజముపై వేసికొని తండ్రులు నడచుట ఇచ్చట ప్రతిరాత్రియు కానవచ్చును.

మార్గములు

శిఖరమునకు పలు మార్గములున్నను, ప్రసిద్ధములు మూడు: హట్టను మీదుగా నల్లతన్నియ చేరి ఎక్కునది, రత్నపురమునుండి పలాబద్దల మీదుగా పోవునది, కురువిటనుండి ఎరత్న మీదుగా పోవునది. రత్నపుర మార్గము ప్రాచీనము, దీర్ఘము, శ్రమకరము. హట్టను మార్గము తేయాకు తోటలును రైలుబాటయు వచ్చిన తరువాత ప్రాబల్యము గాంచినది. కొలంబోనుండి రైలులో హట్టను చేరి, అచ్చటనుండి మస్కెలియ మీదుగా బస్సులో నల్లతన్నియకు పోవచ్చును. నల్లతన్నియనుండి శిఖరమునకు సుమారు 5,500 మెట్లు. ఆరోగ్యవంతుడు మూడునాలుగు గంటలలో ఎక్కగలడు. రద్దీరాత్రులలో అంతకు ఇబ్బడి కాలము పట్టును. సూర్యోదయమునకు శిఖరమున నుండదలచినవారు అర్ధరాత్రి దాటగానే బయలుదేరుదురు. దారిపొడవున దీపములు వెలుగుచుండును. టీ అంగళ్లు తెల్లవార్లు తెరచియుండును.

ఈ మార్గమున మొదట మకరతోరణమును, పిదప జపాను బౌద్ధసంఘమువారు నిర్మించిన తెల్లని శాంతిస్తూపమును దాటి, సీతగంగుల అను చల్లని యేటిని చేరుదురు. యాత్రికులు ఇచ్చట స్నానముచేసి, లేదా కాళ్లు చేతులు మొగము కడుగుకొని, పైకి సాగుదురు. దానికి ఎగువను ఇందికటుపాన కలదు. బుద్ధుడు కొండనెక్కుచు ఇచ్చట నిలిచి, చిరిగిన చీవరమును కుట్టుకొనెనని ఐతిహ్యము. అందుచే యాత్రికులు దారమెక్కించిన సూదిని ఇచ్చట గ్రుచ్చి, ఉండను విప్పుచు దారమును బాటవెంబడి లాగికొని పోవుదురు. రద్దీదినములలో పోగుపై పోగు చేరి, మెట్లప్రక్కనున్న కమ్ములును పొదలును తెల్లని నూలుతో కప్పబడిపోవును. ధనికుని దారమును పేదవాని దారమును వేరుచేసి చూపుట ఎవ్వరితరమును కాదు.

తుదిభాగము మహాగిరిదంబ. ఇచ్చట మెట్లు నిట్రముగా లేచును. ఇనుపకమ్ములను పట్టుకొనక ఎక్కుట కష్టము. రత్నపుర మార్గమున నీలిహెల యను లోయ కలదు. నీలి యను స్త్రీ ఇచ్చట పడి మరణించెనని చెప్పుకొందురు. యాత్రికులు లోయ అంచున నిలిచి ఆమె పేరెత్తి పిలువగా ప్రతిధ్వని బదులిచ్చును. హెరమిటిపాన ఆ మార్గమున తుది విడిది. అలసినవారు అచ్చట రాత్రి కొంతసేపు విశ్రమించి వేకువకు ముందు లేచి నడతురు.

శిఖరాగ్రము

శిఖరముపైనున్న చదును మిక్కిలి చిన్నది. పూర్వపు కొలతలనుబట్టి అది 74 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల తిన్నె. దానిచుట్టును గోడయు, దిగువను సమన్ దేవుని గుడియు, భిక్షువుల నివాసమును కలవు. నడుమనున్న పెద్దబండపై పాదస్థానము. కంటికి కనుపించు పాదాకృతి సుమారు 5 అడుగుల 4 అంగుళముల పొడవు, 2 అడుగుల 6 అంగుళముల వెడల్పు గలది. అసలు పాదముద్ర దీని అడుగున నీలమణిపై నున్నదనియు, దానిని కాపాడుటకే పైని బండ కప్పబడినదనియు భక్తుల విశ్వాసము. పాదరక్షలు విడిచి, పూలును దీపమును సమర్పించి, నుదురు తాకించి మ్రొక్కుదురు.

శిఖరముపై గంట కలదు. ఎన్నవసారి ఎక్కినవాడు అన్నిమార్లే దానిని మ్రోగింపవలెనని కట్టడి. ఒక్కమారు కొట్టి సిగ్గుపడు యువకుని వెనుక నిలిచిన ముదుసలి ఇరువదిమార్లు, ముప్పదిమార్లు కొట్టుచుండగా, గుమిగూడినవారు మౌనముగా లెక్కించి, ముగియగానే సాధు సాధు అని చేతులు జోడింతురు. పదవిచేతగాని ధనముచేతగాని లభింపని గౌరవమది. ఎక్కిన పాదములకే చెల్లును.

తూర్పు తెలుపెక్కగానే మంగళవాద్యములు మొదలగును. పర్వతపంక్తులపైని మేఘసముద్రమునుండి సూర్యబింబము ఒక్కమారుగా ఎగసివచ్చినట్లు కానవచ్చు క్షణమును ఇరసేవయ యందురు. సూర్యుడే పాదమునకు మ్రొక్కుచున్నాడని భావింతురు.

ఉదయచ్ఛాయ

సూర్యుడుదయింపగానే యాత్రికులు పడమటి ప్రక్కకు త్వరితముగా పోవుదురు. అచ్చట పర్వతచ్ఛాయ క్రిందనున్న కొండలమీదను మైదానములమీదను అనేక కిలోమీటర్లు సాగి, కొనదేరిన త్రిభుజమై కనుపించును. పలుచని మంచు లేచినపుడు ఆ నీడ నేలవిడిచి, ఆకాశమున నిలువుగా నిలిచినట్లుండును. 1886లో రాల్ఫ్ ఆబర్‌క్రాంబీ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు దీనిని చూచి కారణమును వివరించెను: నీడ దూరపు నేలపై గాక దగ్గరనున్న మంచుతెరపై పడుటచే లేచి నిలిచినట్లు తోచును. త్రిభుజాకృతికి పర్వతముయొక్క కోసుదనమొకటే హేతువు కాదు. నీడకొనయందు నిలిచినవాడు దానిని పొడవునా చూచుటచే, దూరము పెరిగినకొలది దాని అంచులు దగ్గరైనట్లు కనుపించి, తుదకు ఒక బిందువున కలియును. అందుచే ఏ ఆకృతిగల ఉన్నతశిఖరముపైనుండి చూచినను ఉదయపు నీడ త్రిభుజముగనే తోచును. సూర్యుడు పైకి వచ్చినకొలది నీడ కొండపాదమునకు ముడుచుకొనిపోవును. కారణము తెలిసిన తరువాత చూచినను ఈ దృశ్యపు అద్భుతత్వము ఇసుమంతయు తగ్గదు.

వన్యసంపద

ఈ పర్వతమును చుట్టిన అడవి 1940లో అభయారణ్యముగా ప్రకటితమైనది. 2010లో యునెస్కో లంక మధ్యోన్నతభూములను ప్రపంచ వారసత్వస్థానముగా గుర్తించినపుడు, ఈ అరణ్యమును హార్టను మైదానములు, నకుల్స్ పర్వతములతోపాటు చేర్చినది. దిగువను తేయాకు తోటలు ముగియగానే వర్షారణ్యము మొదలగును. పైకిపోయినకొలది చెట్లు పొట్టివై, కొమ్మలు నాచుతో కప్పబడి, మేఘారణ్యముగా మారును. ఎర్రపూల రోడోడెండ్రాను చెట్లు శిఖరసమీపమున పెరుగును. నెలు అను పొదలు పలు సంవత్సరముల కొకమారు ఒక్కుమ్మడిగా పూచి ఎండిపోవును. చిరుతపులియు, దేవాంగపిల్లియు, అనేకజాతుల కప్పలును బల్లులును ఈ అడవిలో నున్నవి. వానిలో పెక్కు లోకమున వేరెచ్చటను లేవు. మార్చి, ఏప్రిలు ప్రాంతమున పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు గుంపులుగా ఎగురుట చూచి, అవియు పాదదర్శనమునకే పోవుచున్నవని పల్లెజనులు చెప్పుకొందురు.

ఆంధ్రదేశముతో సంబంధము

శ్రీపాదమును బౌద్ధసంఘమునకు తిరిగి యొసగిన కీర్తిశ్రీ రాజసింహుడు కండినేలిన నాయకవంశమువాడు. మధుర నాయకులతో బాంధవ్యముగల ఈ వంశమువారు తెలుగుమూలమువారు. 1739నుండి 1815వరకు కండి సింహాసనము వీరిది. శైవసంప్రదాయమున పుట్టిపెరిగినను ఈ రాజు సింహళ బౌద్ధమునకు పునరుజ్జీవనము కలిగించెను. సయాముదేశమునుండి ఉపాలి స్థవిరుని రప్పించి 1753లో భిక్షుదీక్షయైన ఉపసంపదను పునరుద్ధరించినది ఆయన పాలనమునందే. పరదేశీయుడైన ప్రభువు తాను పాలించు ప్రజల ఆరాధ్యస్థానమును వారికే అప్పగించిన ఈ కార్యము, తెలుగువారు లంకలో విడిచిన జాడలలో సర్వోత్తమమైనదిగా నెన్నదగినది.

ఈ సంబంధమునకు మూలములు ఇంకను ప్రాచీనములు. బుద్ధుని విగ్రహరూపమున కొలువకముందు పాదచిహ్నములచే కొలిచిన శిల్పులలో అమరావతి శిల్పులు అగ్రగణ్యులు; చక్రాంకితములైన బుద్ధపాదములు అచ్చటి పలకలపై నేటికిని చూడనగును. 3వ శతాబ్దియందు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలమున నాగార్జునకొండలో సింహళ విహారముండెననియు, తామ్రపర్ణి, అనగా లంక, భిక్షువులకు బోధిశ్రీ యను ఉపాసిక చైత్యగృహమును కట్టించెననియు శాసనము చెప్పుచున్నది. కృష్ణాతీరమునకును లంకకును నడుమ భిక్షువుల రాకపోకలు సాగిన ఆ దినములలో, పాదార్చనసంప్రదాయము ఇరుదేశములవారికిని ఉమ్మడిసొత్తు. తిరుమలపై నారాయణగిరియందు శ్రీవారి పాదములను కొలుచు తెలుగు యాత్రికునకు, సమంతకూటముపైని అర్చన క్రొత్తగా తోపదు.

నేటి స్థితి, యాత్రికుని కర్తవ్యము

యాత్రాకాలమున లక్షలాది జనులు ఈ శిఖరమునెక్కుచున్నారు. పూర్వము రాజులు పెట్టిన అన్నసత్రముల పనిని నేడు ఊళ్లవారు, సంఘములవారు పందిళ్లు వేసి అన్నపానీయము లుచితముగా నొసగుచు నెరవేర్చుచున్నారు. దీనిని దన్సల యందురు. అయితే జనసమ్మర్దముతో చెత్తయు పెరిగినది. ప్లాస్టికు సీసాలును సంచులును వాగులకు చేరి, కెలణి, కళు గంగల తొలినీటినే మలినపరచుచున్నవి. పాదమునకు మ్రొక్కి, ఆ పాదమునుండి దిగువకు ప్రవహించు నీటిని పాడుచేయుట భక్తి యనిపించుకొనదు. తన వెంట తెచ్చినదానిని తనవెంటనే కొనిపోవుట నేటి యాత్రికుడు పాటింపవలసిన ప్రథమనియమము.

తెలుగునాటనుండి పోవువారు జనవరి, ఫిబ్రవరి మాసములను ఎన్నుకొనుట మేలు. పున్నమిరాత్రులలోను సెలవుదినములలోను మెట్లు జనముతో నిండి కదలనీయవు గనుక, శాంతముగా దర్శింపగోరువారు నడివారపు దినములను ఎంచుకొనవలెను. ఎక్కుచున్నంతసేపు చెమటపట్టినను శిఖరముపై తెల్లవారుజాము చలి తీవ్రము; ఉన్నిశాలువయు, పొడిబట్టయు వెంట నుండవలెను. దిగునపుడు మోకాళ్లపై భారము పడును గనుక చేతికఱ్ఱ ఉపకరించును. సత్తువయు తీరికయు గలవారు రత్నపురమునుండి ప్రాచీన మార్గమున ఎక్కి హట్టను వైపు దిగుట ఉత్తమము. విజయబాహుడు అన్నదానమునకై ఒసగిన గిలిమలయ మొదలుకొని నేటి దన్సల పందిరివరకు, యాత్రికునికై తొమ్మిది శతాబ్దులు చేసిన సేవ అంతయు వారికి ఒక్క యాత్రలోనే ప్రత్యక్షమగును.